పద్నాలుగు పొరలు

స్పిలంబెర్తో,
ఫిబ్రవరి 4

తమ్ముడు ఎర్మెస్‌కి,

అక్క ఉత్తరం రాయడమేమిటని ఆశ్చర్యపోతావు. ఫోనుంది కదా అంటావు. ఫోనులో నువ్వు మాట్లాడతావు, నేను ఊఁ కొడతాను. నా గొంతు చిన్నది, నీ పక్కన ఎప్పుడూ ఏదో ఇంజన్ మోగుతూ ఉంటుంది. ఒక సంగతి మూడుసార్లు అడగబోయాను. మూడుసార్లూ "తర్వాత మాట్లాడదాం అక్కా" అని పెట్టేశావు. కాగితమైతే మధ్యలో అడ్డుపడలేవు కదా అని చివరికి కలం పట్టాను. కంపెనీ మెయిలు పదిమంది చదువుతారని చెప్పింది కూడా నువ్వే.

సంగతి ఇది. కొత్త కారుని వెనక నుంచి నేలకి అదిమిపెట్టే రెక్క ఉంది కదా, దాన్ని మోసే రెండు ఊతాలూ నేనే వేస్తున్నాను. డిసెంబరు దాకా డ్రాయింగులో ఒక్కో ఊతానికి పద్నాలుగు పొరల కార్బన్ బట్ట ఉండేది. జనవరిలో వచ్చిన డ్రాయింగులో పదకొండే ఉన్నాయి. కింద నీ సంతకం ఉంది.

నేను హైస్కూలు దాటనిదాన్ని. మీ ఇంజనీర్ల లెక్కలు నాకు తెలియవు. కానీ పదహారేళ్లుగా ఈ బట్ట నా వేళ్ల కింద ఉంది. పద్నాలుగు పొరల ముక్కని పొయ్యిలోంచి తీశాక గోటితో కొడితే ఒకలా మోగేది. పదకొండు పొరలది డొల్లగా మోగుతోంది. నాతోపాటు పొరలు వేసే మిరెల్లా నవ్వుతోంది: "మీ తమ్ముడు కారుని ఉపవాసం ఉంచుతున్నాడే! రేపు మనల్నీ తూకం వేసి గానీ లోపలికి రానివ్వడు చూడు." నేనూ నవ్వాను గానీ మధ్యాహ్నం భోజనం మానేసి ఆ ముక్కని మళ్లీ గోటితో కొట్టి చూశాను.

నా పని పద్ధతి నీకు తెలుసు. ఒక్కో పొరకీ ఒక మరియమ్మ జపం. బట్ట వెనక అంటుకుని ఉండే నీలం ఫిల్మ్ పీకి గోడకి అంటిస్తాను. ఆఖర్న నేనూ మిరెల్లా ఇద్దరం విడివిడిగా లెక్కపెడతాం. ఒక్క ఫిల్మ్ లోపల ఉండిపోయినా అక్కడ పొరలు కలవవు. ముక్క పైకి నిగనిగలాడుతుంది, బరువు పడిన రోజు చీలుతుంది. పదహారేళ్లలో నా లెక్క ఒక్కసారి తప్పలేదు. గొప్పకి చెప్పడం లేదు, ఆ తల్లి దయ.

ఆ మూడు పొరలూ ఎందుకు తీశావు? లెక్క చూసే తీశావా? అంతవరకు రాయి చాలు.

తుల్లియో అక్కడ లెచ్చె ట్రాక్ మీద నీ కారునే పరీక్షకి నడుపుతున్నాడని వాళ్లమ్మ అర్జియా చర్చి మెట్ల మీద పట్టుకుని చెప్పింది. "మావాడు సరిగ్గా తింటున్నాడో లేదో ఎర్మెస్‌ని చూడమను" అంది. చూడు.

నీ అక్క,
నెరీనా


లెచ్చె,
ఫిబ్రవరి 19

అక్కా,

నీ కవరు చూసి గెస్ట్‌హౌస్‌లో అందరూ నాకు పెళ్లి కుదిరిందనుకున్నారు. మా అక్క క్వాలిటీ ఇన్‌స్పెక్టరు అయింది అని చెప్పాను.

ఎందుకు తీశానా? మన యజమాని బోల్దీని గారు కారు పుట్టకముందే కేటలాగులో వెయ్యి తొంభై కిలోలని అచ్చు వేయించాడు. తూకంలో అది వెయ్యి తొంభై నాలుగు వచ్చింది. ట్రాక్ మీద పరిగెత్తే కారైతే నా ఇష్టం. కానీ దీనికి నంబరు ప్లేటు ఉండాలి, ప్లేటుకి దీపం ఉండాలి, హారన్ ఉండాలి, గతుకులో నేలకి తగలకూడదు. "కొన్నవాడు పొద్దున్నే ఇందులో ట్రాక్‌కి వెళ్లి, అందర్నీ దాటి, ఇందులోనే ఇంటికొచ్చి భోంచెయ్యాలి" అంటాడు ఆయన. ఇంకొంచెం టైమివ్వండి అంటే, "ఎర్మెస్, నాకు నీ ఆలోచనలు వద్దు, అంకె కావాలి" అని పదిమందిలో అన్నాడు.

తివాచీ పీకాను. తలుపు పిడి తీసి తోలు పట్టీ పెట్టాను. వెనక అద్దం పలచన చేశాను. అన్నీ అయ్యాక ఇంకా నాలుగు వందల గ్రాములు మిగిలాయి. అవి నీ ఊతాల్లో దొరికాయి. ఇప్పుడు సరిగ్గా వెయ్యి తొంభై. లెక్క చూశాను. నిలబడుతుంది.

తుల్లియో బాగానే తింటున్నాడు, గొణగడమే ఎక్కువైంది. పెద్ద మలుపులో వేగం రెండు వందల నలభై దాటితే వెనక వణుకుతోందట. "వణికేది రెక్క కాదు, నీ వెన్ను. నలభై నాలుగేళ్లొచ్చాయి, ఇంక అమ్మ పక్కన కూర్చుని అక్రోట్లు ఏరుకో" అన్నాను. కుర్రాళ్లంతా పడీపడీ నవ్వారు. అతనూ నవ్వాడు. అయినా కాగితం మీద రాసి ఇచ్చాడు, ఇది మూడోసారి. అన్నీ నా సొరుగులో ఉన్నాయి.

నువ్వు నీ ఫిల్ములు లెక్కపెట్టుకో అక్కా. పొరల లెక్క నేను చూసుకుంటాను.

ఎర్మెస్


లెచ్చె,
మార్చి 23

అక్కా,

తుల్లియో సంగతి ఊరంతా తెలిసే ఉంటుంది. తెలియనిది నేను రాస్తున్నాను.

మంగళవారం పదకొండు గంటలకి పెద్ద మలుపులో ఎడమ ఊతం విరిగింది. రెక్క లేచిపోయింది. వెనక చక్రాలకి నేల మీద పట్టు పోయి, కారు బొంగరంలా తిరిగి గోడకి కొట్టుకుంది, అంటుకుంది. మనిషిని బయటికి లాగారు. రెండు కాళ్లూ మోకాళ్ల పైదాకా తీసేశారు. ఊతం బూడిదైంది. చూసి చెప్పడానికి ముక్క మిగల్లేదు.

ముక్క మిగల్లేదు కాబట్టి కారణం కాగితం మీదే తేలాలి. డ్రాయింగుది తప్పయితే కారు ఆగిపోతుంది, నేను పోతాను, బోల్దీని గారు షెడ్డుకి తాళం వేస్తాడు, మీ నలభై మందీ ఇంటికి పోతారు. చేతిది తప్పయితే ఒక్క ముక్కదే తప్పు. ఆ ఊతం పొరల పట్టిక మీద రెండు సంతకాలున్నాయి: నీదీ, మిరెల్లాదీ. లోపల ఒక ఫిల్మ్ ఉండిపోయిందని ఇద్దరిలో ఒకరు ఒప్పుకుంటే చాలు. జైలు ఉండదు, లాయర్ని అడిగాను. అజాగ్రత్త అంటారు, అంతే.

మిరెల్లాకి ఇప్పటికే రెండు హెచ్చరికలున్నాయి. ఆమె పేరు రాయడం తేలిక. మొగుడికి జబ్బు, ఎదురు చెప్పదు. కానీ నిన్ను అడక్కుండా చేస్తే బాధపడతావని ముందు నిన్ను అడుగుతున్నాను. నువ్వా, ఆమెనా, నీ ఇష్టం. బలవంతం లేదు.

అమ్మ పోయిన రోజు నాకు ఎనిమిదేళ్లు. ఆస్పత్రి మెట్ల మీద నువ్వు "నేనున్నానుగా" అన్నావు. ఆ మాట పట్టుకునే ఇంతవాణ్ణయ్యాను.

ఎర్మెస్


స్పిలంబెర్తో,
మార్చి 30

ఎర్మెస్,

వారం రోజులుగా చర్చిలో కూర్చుని వస్తున్నాను. పెదాలు కదులుతాయి గానీ జపం రాదు.

నేను ఫిల్మ్ వదల్లేదు. నీకూ తెలుసు. ఇది ఒక్కసారి రాసి పెడుతున్నాను, మళ్లీ రాయను.

మిరెల్లా జోలికి వెళ్లకు. నేను సంతకం పెడతాను. అయితే ఒక షరతు. ఇకమీద అమ్మే ప్రతి కారుకీ ఊతంలో పద్నాలుగు పొరలు ఉండాలి. ఎవరికీ చెప్పకుండా మారుస్తావో, చెప్పి మారుస్తావో నాకక్కర్లేదు. అమ్మ మీద ఒట్టు వేసి రాయి. ఆ కాగితం నా చేతికొచ్చిన రోజే నా సంతకం నీ చేతికొస్తుంది.

నెరీనా


లెచ్చె,
ఏప్రిల్ 6

అక్కా,

అమ్మ మీద ఒట్టు. పద్నాలుగు.

వాంగ్మూలం లాయరు టైపు చేయించాడు. ఆఫీసులో ఇస్తారు, చదవక్కర్లేదు, అన్నీ మామూలు మాటలే. ఒక వాక్యం ఆయన కలిపాడు, పట్టించుకోకు.

ఇంకొక్క సాయం. తుల్లియో ఇంటికి చేరాక ఒకసారి వెళ్లి కనిపించు. నువ్వు ఎదురుగా కూర్చుని క్షమించమంటే వాళ్ల లాయరు కొంచెం చల్లబడతాడని మావాళ్లంటున్నారు. నీ మొహం చూసి ఎవరూ కోప్పడలేరు.

నీ ఋణం తీర్చుకోలేను.

ఎర్మెస్


స్పిలంబెర్తో,
జూన్ 20

ఎర్మెస్,

చదవొద్దన్నావు గానీ చదివాను. "పని వేళలో జపం చేసుకునే అలవాటు వల్ల ఏకాగ్రత తప్పి" అని ఉంది. సంతకం పెట్టాను. మర్నాడు మా పనిగది తలుపు మీద కాగితం అంటించారు: ఇక్కడ ప్రార్థన, పాట, మాట నిషిద్ధం. పన్నెండు మంది ఆడవాళ్లు నోరు మూసుకుని బట్ట పరుస్తున్నారట. నన్ను గోదాములో అట్టపెట్టెలు కట్టే పనిలో వేశారు. మిరెల్లా నాతో మాట్లాడటం మానేసింది. ఇప్పుడు ఊతాలు ఆమే వేస్తోంది.

తుల్లియోని ఒకసారి చూసి రమ్మన్నావు. అతను ఒకసారితో వదల్లేదు. ప్రతి గురువారం రమ్మన్నాడు, వెళ్తున్నాను. మొదటి రోజు, "రా నెరీనా. లేచి నిలబడి మర్యాద చెయ్యలేను, ఏమనుకోకు" అన్నాడు. అర్జియా నాకు మంచం ఎదురుగా కుర్చీ వేసి వెళ్లిపోయింది.

"ఎన్నో పొర?" అన్నాడు.

"ఆరోది."

"ఏ పక్క?"

"కుడి పక్క."

"అప్పుడు ఎవరికోసం జపం చేస్తున్నావు?"

నేను ఒళ్లోని చేతిసంచి సర్దుకున్నాను. "చెప్పు. నా కాళ్లు ఎవరి ఆత్మశాంతికి పోయాయో తెలుసుకోవాలిగా" అన్నాడు. మా అమ్మకోసం అని చెప్పాను.

తర్వాతి వారం మళ్లీ మొదటినుంచి అడిగాడు. ఎడమ పక్క అన్నానట. "పోయినవారం కుడి అన్నావే! నిదానంగా గుర్తు చేసుకో, నాకేం తొందర లేదు, ఎక్కడికీ పరిగెత్తను" అన్నాడు. ఒక వారం ఫిల్మ్ ఎంత పొడుగో నా చేతులతో చూపించమన్నాడు. ఒక వారం అతను ఏమీ అడగలేదు, గంటసేపు నన్ను చూస్తూ పడుకున్నాడు. నేను గేటు దాటేటప్పుడు కిటికీలోంచి చూశాను, అర్జియా నేను కూర్చున్న కుర్చీని తడిగుడ్డతో తుడుస్తోంది. నలభై ఏళ్లుగా చర్చిలో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్లం.

దీన్నంతా నేను భరిస్తాను. ఒక్కటి చెప్పు. పద్నాలుగు వేస్తున్నారా?

నెరీనా


తోరినో,
జులై 15

అక్కా,

అయిపోయింది! రోడ్డు అనుమతి వచ్చింది. తూకం వేసిన ఆఫీసరు రెండుసార్లు చూశాడు: వెయ్యి తొంభై, ఒక్క గ్రాము ఎక్కువ లేదు. బోల్దీని గారు నన్ను అందరి ముందూ కావలించుకున్నాడు. "అంకె ఇచ్చాడు నావాడు" అన్నాడు. వచ్చే నెల నుంచి టెక్నికల్ డైరెక్టరు నేనే. పందొమ్మిది కార్లు ముందే అమ్ముడుపోయాయి. ఈ నెలాఖరు నుంచి పంపిస్తాం.

తుల్లియో దగ్గరికి వెళ్లడం మానకు. వాళ్ల లాయరు నిజంగానే మెత్తబడ్డాడు.

మిగతా సంగతులు కలిసినప్పుడు.

ఎర్మెస్


స్పిలంబెర్తో,
జులై 24

ఎర్మెస్,

ఫిబ్రవరిలో నాలుగు వందల గ్రాములు తీసేస్తే సరిగ్గా వెయ్యి తొంభై అన్నావు. జులైలోనూ సరిగ్గా వెయ్యి తొంభై అంటున్నావు. నాకు లెక్కలు రావు, కూడిక వచ్చు.

అవునో కాదో ఒక్క ముక్క రాయి.

నెరీనా


స్పిలంబెర్తో ఫ్యాక్టరీ ఆఫీసు,
ఆగస్టు 2

అక్కా,

నీకు పది నిమిషాల దూరంలో కూర్చుని ఉత్తరం రాస్తున్నాను. ఎదురుపడితే ఏడుస్తావు, అందుకు.

కాదు. పదకొండే.

ఏ కారణం చూపించి మార్చమంటావు? నువ్వు సంతకం పెట్టిన కాగితం ప్రకారం డ్రాయింగులో తప్పు లేదు, తప్పు నీ చేతిలో ఉంది. తప్పు లేనిదానికి మూడు పొరలు కలిపితే, మరి అప్పుడెందుకు తీశావని మొదటి ప్రశ్న అదే వస్తుంది. పద్నాలుగు వెయ్యడానికి ఉన్న ఒక్క దారీ నువ్వు సంతకం పెట్టిన పూటే మూసుకుపోయింది. నాకది ఏప్రిల్‌లోనే అర్థమైంది. నీకు ఇంకా అర్థం కాలేదంటే నేనేం చెయ్యను?

ఒట్టు సంగతి ఎత్తకు. అమ్మ పోయి ముప్పై ఏళ్లయింది.

ఇంకో మాట. కోపం తెచ్చుకోకు. నీకు యాభై ఏళ్లు, సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటి పిల్లని పిలుస్తావు. ఆ రోజు నిజంగానే ఒక ఫిల్మ్ వదిలేశావేమో, ఎవరికి తెలుసు? నాలుగు నెలలుగా అందరికీ అదే చెబుతున్నాను, ఇప్పుడు నాకు అలాగే గుర్తొస్తోంది. నువ్వూ అలాగే అనుకో. మనసు తేలికపడుతుంది.

ఎర్మెస్


స్పిలంబెర్తో,
అక్టోబరు 12

తమ్ముడూ,

శుక్రవారం పోలీసులు నిన్ను తీసుకువెళ్లినప్పుడు నువ్వు కారు అద్దంలోంచి నా వైపు చూశావు. నేను గోదాము గుమ్మంలో నిలబడే ఉన్నాను. ఎవరు చేశారని వెతుక్కోకు. నేనే చేశాను. ఎలా చేశానో నీకు లాయరు ద్వారా కాకుండా నా ద్వారా తెలియాలి.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు గురువారం. తుల్లియో "ఎన్నో పొర?" అన్నాడు. "ఏ పొరా కాదు. నేనేమీ వదల్లేదు. మా తమ్ముడు మూడు పొరలు తీశాడు" అన్నాను.

అతను కళ్లు మూసుకున్నాడు. "పద్నాలుగు గురువారాలు పట్టింది నీకు," అన్నాడు.

"నీకు తెలుసా?"

"తెలియకేం? వణుకుతోందని మూడుసార్లు రాసిచ్చినవాణ్ణి. ఆ కాగితాలు మీవాడి సొరుగులో మాయమయ్యాయి. నా మాట ఒక్కటీ ఎవడు నమ్ముతాడు? నీ నోటితో రావాలి."

"మరి మొదటి రోజే నిజం చెప్పు అని అడగాల్సింది."

"అడిగితే ఏడ్చి చెప్పేదానివి, ఇంటికెళ్లి మళ్లీ తమ్ముడంటూ మాట మార్చేదానివి. నువ్వు నీ అబద్ధాన్నే అసహ్యించుకునేదాకా ఆగాను." అని, దుప్పటి సర్దుకుంటూ, "అదొక్కటే కాదులే. నువ్వు ఆ కుర్చీలో మెలికలు తిరుగుతుంటే చూడ్డానికి బాగుండేది. ఇంకేం పని ఉంది నాకు?" అన్నాడు.

గుమ్మంలో నిలబడి అర్జియా అంతా వింది. నన్ను క్షమించమని అడుగుతుందనుకున్నాను. "ఇన్నాళ్లూ నా బిడ్డ ముఖం మీదే అబద్ధమాడావా? తప్పు చేసి ఉంటేనే నయం, తప్పు చేసినదాన్ని కొన్నాళ్లకి క్షమించేదాన్ని" అంది. ఈసారి కుర్చీ తుడవలేదు. బయట పారేసింది.

ఆగస్టు నెలంతా మోదెనాలో కోర్టు మూసి ఉంది. సెప్టెంబరులో తెరిచిన మొదటి రోజే వెళ్లాను. నీ ఉత్తరాలన్నీ మేజిస్ట్రేటు బల్ల మీద పెట్టాను. ఆమె చిన్న వయసు మనిషి. చదివి, "మీకు కూడా శిక్ష పడుతుంది, తెలుసు కదా అమ్మా?" అంది. తెలుసన్నాను. ఆమె ఎదుటే ఒక కొత్త ఊతాన్ని రంపంతో అడ్డంగా కోశారు. భూతద్దం పెట్టి లెక్కపెట్టారు, పదకొండు. నిన్ను తీసుకువెళ్లిన రోజే షెడ్డుకి సీలు వేశారు. మిరెల్లా, మిగతావాళ్లు గేటు బయట నిలబడ్డారు. వాళ్లలో ఒకామె నా మీద ఉమ్మింది. మిరెల్లా మాత్రం ఆమెని పక్కకి లాగింది.

పందొమ్మిది కార్లలో పదిహేడింటిని ఆపగలిగారు. రెండింటి యజమానులు ఫోను తియ్యడం లేదట. కార్లతో ఏదో ట్రాక్‌కి వెళ్లారని ఇంట్లోవాళ్లు చెప్పారు. ఏ దేశమో వాళ్లకీ సరిగ్గా తెలియదు.

ఇంతవరకు అందరికీ తెలిసిందే. ఇక నీకు మాత్రమే చెప్పేది ఉంది. మేజిస్ట్రేటుకి చెప్పలేదు. పాపసంకీర్తనంలో ఫాదరుకీ చెప్పలేదు. మోకాళ్ల మీద కూర్చుని నోరు తెరిచాను, ఇంకేదో చిన్న పాపం చెప్పి లేచి వచ్చేశాను.

వాంగ్మూలం మీద సంతకం పెట్టిన రోజు నాకు దుఃఖం కలగలేదు. బస్సులో ఇంటికొస్తూ, ఇక వీడు జన్మలో నా ముందు తలెత్తలేడు అనుకున్నాను. నిన్ను పెంచాను, చదివించాను, నీకోసం పెళ్లి వద్దనుకున్నాను. నువ్వు ఒక్కనాడూ తల వంచలేదు. ఆ రోజు వంచావు. అది తేనెలా ఉంది. ఊరు నన్ను చూసి మొహం తిప్పుకుంటే లోపల ఇంకా తియ్యగా ఉండేది. తుల్లియో కుర్చీలో కూర్చుని ఉన్నప్పుడు, శిలువ కింద నిలబడ్డ తల్లిని నేనే అనుకునేదాన్ని. దేవుడు నన్ను క్షమించాలి.

మిరెల్లా నాతో మాట్లాడటం మానేసిందని నీకు రాశాను. అది అబద్ధం. మే నెలలో, కూరగాయల సంతలో తనంతట తానే నా దగ్గరికి వచ్చింది. బుట్టలోకి చూస్తున్నట్టు నటిస్తూ, "నెరీనా, ఇంకా పదకొండే వేయిస్తున్నారు. మీ తమ్ముడికి చెప్పు, నీ మాట వింటాడు" అంది. అప్పటికి ఒక్క కారు కూడా గేటు దాటలేదు.

నేను ఉల్లిపాయలు ఏరుకుంటూ ఉండిపోయాను. నిన్ను అడిగితే నువ్వు కాదంటావు. కాదంటే నేను నోరు విప్పాలి. విప్పితే నా త్యాగం పోతుంది. జూన్‌లో తెలియనట్టు అడిగాను, జులైలో తెలియనట్టు అడిగాను. నీ చేత అబద్ధం చెప్పించుకోవాలని అడిగాను. నా జపం వల్లే ఏకాగ్రత తప్పిందని నువ్వు రాయించినప్పుడు కూడా ఓర్చుకున్నాను. నిజంగానే ఫిల్మ్ వదిలావేమో అని ఆగస్టులో రాశావు చూడు, నేను కోర్టు మెట్లెక్కింది ఆ మాటకి. తుల్లియో కాళ్లకోసం కాదు. పందొమ్మిది మంది ప్రాణాలకోసం కాదు. నా చేతిని అన్నావు కాబట్టి.

ఇప్పుడు ఎక్కడో ఆ రెండు కార్లు తిరుగుతున్నాయి. వాటిలో సగం నీవి, సగం నావి.

ఈ కాగితాలు దాచుకో. లాయరుకి చూపించకు, నీకు ఎంత మేలు జరుగుతుందని అతను చెప్పినా చూపించకు. ఇందులో ఉన్నది అర్థమయ్యే మనిషి లోకంలో నువ్వొక్కడివే. నిన్ను పెంచింది ఈ చెయ్యే కదా.

నీ అక్క,
నెరీనా